అనంతపురం నుంచి యానిమేషన్ రంగానికి: ఇంటర్ నుంచి మొదటి ఉద్యోగం దాకా ఎలా వెళ్ళాలి

ఇంటర్ ఫలితాలు వెలువడిన వారం రోజుల్లోనే అనంతపురంలోనూ, కర్నూలులోనూ, కడపలోనూ యానిమేషన్ కోర్సుల కరపత్రాలు దినపత్రికల మడతల్లో ఇళ్ళకు చేరుతుంటాయి. బొమ్మలు బాగా వేసే అబ్బాయో, కార్టూన్లను కన్నార్పకుండా చూసే అమ్మాయో ఉన్న ఇంట్లో ఆ కాగితం రెండు మూడు రోజులు బల్ల మీదే ఉంటుంది. ఆ తరువాత తండ్రి వెళ్ళి ఫీజు కనుక్కుంటాడు, సగం కడతాడు, అప్పు తెచ్చి కంప్యూటర్ కొంటాడు. ఇవన్నీ ముగిశాక తరగతిలో కూర్చున్న విద్యార్థికి తాను చేయవలసిన పని ఏమిటో మొదటిసారి తెలుస్తుంది. ఈ వరుస తలకిందులైనది. పని ఏమిటో ముందు తెలుసుకోవాలి, చేయి ఆ పనికి లొంగుతుందో లేదో ఇంట్లోనే పరీక్షించుకోవాలి, ఆ తరువాత చదువును గురించి, అన్నిటికన్నా చివర డబ్బును గురించి ఆలోచించాలి. నేనూ ఈ వరుస తప్పినవాడినే. నేను మొదట చేరిన శిక్షణ కేంద్రంలో ఏడాదిపాటు సాఫ్ట్‌వేర్ మెనూలు వల్లె వేయించారు తప్ప, ఎగిరి పడే బంతికి బరువు ఎలా తెప్పించాలో ఒక్కరూ చెప్పలేదు; ఆ లోటు బెంగళూరులో తొలి ఇంటర్వ్యూ గదిలో పది నిమిషాల్లో బయటపడింది.

మొదటి మెట్టు: పనుల పేర్లు తెలుసుకోండి

యానిమేషన్ అనేది ఒక ఉద్యోగం పేరు కాదు. పదిహేను, ఇరవై రకాల పనివాళ్ళు వరుసగా చేతులు మార్చుకుంటూ పూర్తి చేసే ఒక పెద్ద పని పేరు. కథను గళ్ళు గళ్ళుగా బొమ్మలు వేసి చూపేవారు స్టోరీబోర్డు కళాకారులు. పాత్ర రూపాన్ని, దుస్తులను, ముఖకవళికలను నిర్ణయించేవారు క్యారెక్టర్ డిజైనర్లు. త్రీడీలో ఆ రూపాన్ని మట్టిబొమ్మలా మలిచేవారు మోడలర్లు, దానికి రంగును, గరుకుదనాన్ని ఇచ్చేవారు టెక్స్చర్ కళాకారులు, లోపల ఎముకలు, కీళ్ళు అమర్చి కదలడానికి వీలు కల్పించేవారు రిగ్గర్లు. ఇంతమంది చేతులు దాటాక గానీ పాత్ర యానిమేటర్ దగ్గరకు రాదు. అతను నటింపజేసిన తరువాత లైటింగ్, రెండరింగ్ (కంప్యూటర్ లెక్కకట్టి ఒక్కో ఫ్రేమును పూర్తి చిత్రంగా తయారుచేయడం), చివరగా పొరలన్నిటినీ ఒక్క చిత్రంగా కలిపే కాంపోజిటింగ్ ఉంటాయి.

సినిమాల విజువల్ ఎఫెక్ట్స్ వైపు వెళితే పనుల పేర్లు వేరు. నటుడి ఆకారం అంచు వెంట ప్రతి ఫ్రేములోనూ, అంటే సినిమాలోని ఒక్కో నిశ్చల చిత్రంలోనూ, గీత గీసి అతన్ని వెనుక దృశ్యం నుంచి వేరు చేయడాన్ని రోటో అంటారు. ఫైటు దృశ్యంలో కనిపించే తాళ్ళను, తీగలను తుడిచివేయడం ప్రెప్ లేదా పెయింట్. అసలు కెమెరా కదిలిన తీరును కంప్యూటర్‌లో మళ్ళీ సాధించడం మ్యాచ్‌మూవ్. మన ప్రాంతం నుంచి వెళ్ళిన ఫ్రెషర్లలో చాలామందికి మొదట దొరికేవి రోటో, ప్రెప్ కొలువులే అన్న సంగతిని కరపత్రాలు చెప్పవు. అవి చిన్నవి కావు, ఓర్పు నేర్పే పనులే. కానీ పాత్రలను నటింపజేద్దామని కలగని వెళ్ళినవారు రెండేళ్ళపాటు ఒకరి జుట్టు అంచు వెంట గీతలు గీస్తూ కూర్చోవలసి వస్తే మనసు విరుగుతుంది. కాబట్టి ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఏ రెండు పనులు మిమ్మల్ని లాగుతున్నాయో గుర్తు పెట్టుకోండి.

రిగ్ అంటే ఏమిటని ఇంట్లో పెద్దవాళ్ళు అడిగితే వాళ్ళను ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు తీసుకువెళ్ళండి. పాత అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి చేరిన ఆ ఊరిలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. తల, భుజం, ముంజేయి, నడుము, కాళ్ళు విడివిడిగా కత్తిరించి, కీళ్ళ దగ్గర దారంతో ముడివేసి, పుల్లలతో ఆడించే ఆ బొమ్మకూ, ఈనాటి టూడీ కటౌట్ యానిమేషన్‌లో కంప్యూటర్ తెర మీద కదిలే పాత్రకూ ఆలోచనలో తేడా లేదు. కీలు ఎక్కడ పెడితే మోచేయి సహజంగా వంగుతుంది, ఏ ముక్క మీద ఏ ముక్క పడితే అతుకు కనిపించదు అన్న ప్రశ్నలు రిగ్గర్‌వి కూడా. అక్కడ ఒక పూట కూర్చుని ఒక బొమ్మ విడిభాగాలను కొలతలతో సహా నోటుపుస్తకంలో గీసుకుని రండి. తరువాత కంప్యూటర్‌లో అదే బొమ్మకు రిగ్ కట్టడం మీ తొలి ప్రాజెక్టు కావచ్చు.

ఆ దారిలోనే లేపాక్షి కూడా చూడవచ్చు. వీరభద్రాలయంలో ఒకే ఒంటికి మూడు తలలు చెక్కిన ఆవు శిల్పం ఉంది. రెండు తలలను అరచేతితో మూసి చూస్తే ఆవు ఒక్కోసారి ఒక్కో భంగిమలో కనిపిస్తుంది. యానిమేటర్లు కీ పోజ్ అని పిలిచేది అదే: కదలికలోని ముఖ్యమైన భంగిమలను మాత్రం ముందు నిర్ణయించి, నడిమివాటిని తరువాత పూరిస్తారు. పదహారో శతాబ్దపు శిల్పి కీ పోజులు చెక్కి, నడిమివాటిని చూసేవాడి కంటికి వదిలిపెట్టాడు.

పని బరువు తెలియడానికి ఒక లెక్క చాలు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720 బొమ్మలు కావాలి. కంప్యూటర్ నడిమి బొమ్మలను తానే పూరిస్తుందిగదా అనుకుంటారేమో. పూరిస్తుంది, కానీ అలా పూరించిన కదలిక నీళ్ళలో నడిచినట్లు ఉంటుంది, దాన్ని మనిషి నడకగా మార్చడానికే యానిమేటర్‌కు జీతం ఇస్తారు. ఈ లెక్క విన్నాక నీరసం వచ్చినవారు ఇక్కడే ఆగిపోవచ్చు, ఇంకా పైసా ఖర్చు కాలేదు.

రెండో మెట్టు: ఆరు నెలలు ఇంట్లోనే సాధన చేయండి

ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నా, డిగ్రీలో ఉన్నా రోజుకు గంటన్నర చాలు. కావలసినవి ఏ4 తెల్లకాగితాల కట్ట, 2బీ పెన్సిళ్ళు, కాగితాలు కదలకుండా పట్టుకునే క్లిప్పు, ఒక పాత కిటికీ అద్దం, దాని కింద పెట్టడానికి ఎల్‌ఈడీ బల్బు. అద్దం అంచులకు టేపు అంటించి రెండు ఇటుకల మధ్య నిలిపితే, కింది కాగితం మీది బొమ్మ పై కాగితంలోంచి కనిపించే లైట్‌బాక్స్ తయారవుతుంది. గీసిన కాగితాలను సెల్‌ఫోన్‌తో ఒక్కొక్కటిగా ఫొటో తీసి, ఫ్లిపాక్లిప్ వంటి యాప్‌లో వరుసగా పేర్చి ఆడించి చూసుకోవచ్చు.

మొదటి నెలంతా బంతి. నేల మీద పడి ఎగిరే రబ్బరు బంతి, అదే ఎత్తు నుంచి పడే ఇనుప గుండు, గాలి నింపిన బెలూను: మూడూ ఒకే సైజు వృత్తాలుగానే గీసి, కదలికతో మాత్రమే తేడా తెలిసేలా చేయాలి. బంతి పైకి చేరినప్పుడు బొమ్మలు దగ్గరదగ్గరగా, కిందికి దూసుకువచ్చేటప్పుడు దూరదూరంగా పడాలి. బొమ్మల మధ్య ఈ ఎడాల అమరికనే స్పేసింగ్ అంటారు, మొత్తం ఎన్ని ఫ్రేములు పట్టిందన్నది టైమింగ్. ఈ రెండూ చేతికి వస్తే సగం చదువు వచ్చినట్లే. రెండో నెలలో ఊగే లోలకం, గాలికి కదిలే తోక. మూడో నెలలో సంచి. ప్రపంచమంతటా యానిమేషన్ విద్యార్థులు సగం నింపిన పిండి సంచిని గీస్తారు. మనకు బుడ్డల (వేరుశనగ కాయల) మూట ఉండనే ఉంది. సగం నింపి మూతి కట్టిన గోనె మూటను గోడకు ఆనించి, పక్కకు వాల్చి, నేల మీద పడేసి చూడండి, బరువు ఎటు జారుతుందో కనిపిస్తుంది. తరువాత ఆ మూట సంతోషంగా గెంతుతున్నట్లు, అలిగి కూర్చున్నట్లు, చీకటికి భయపడుతున్నట్లు గీయండి. కళ్ళు, ముక్కు, నోరు లేని మూటతో భావం పలికించగలిగితే ముఖమున్న పాత్ర మీకు కష్టం కాదు. నాలుగో నెల నుంచి నడక: పాదం నేలను తాకే భంగిమ, శరీరం కిందికి దిగే భంగిమ, ఒక కాలు మరొక కాలిని దాటే భంగిమ, పైకి లేచే భంగిమ. ఒక్కో అడుగుకు 12 ఫ్రేములతో మొదలుపెట్టండి.

డిస్నీ స్టూడియోకు చెందిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో వివరించిన పన్నెండు సూత్రాలను ప్రతి స్టూడియోలోనూ నేటికీ వాడుతున్నారు. వాటిని ఇంగ్లీషు పేర్లతోనే నేర్చుకోండి, ఎందుకంటే సూపర్వైజర్ ఆ పేర్లతోనే దిద్దుబాట్లు చెబుతాడు. కానీ అర్థాన్ని మాత్రం మన వీధిలో వెతుక్కోండి. బిళ్ళంగోడు ఆడే పిల్లవాడు బిళ్ళను కొట్టే ముందు కర్రను వెనక్కి లాగుతాడు, అది యాంటిసిపేషన్. గబగబ నడుస్తున్న స్త్రీ చటుక్కున ఆగినా ఆమె చీర కొంగు ఇంకో రెండు ఊపులు ఊగుతుంది, అది ఫాలో త్రూ.

దీనితోపాటు రోజూ అరగంట బయట కూర్చుని మనుషులను గీయాలి. ఆర్టీసీ బస్టాండు ఇందుకు మంచి చోటు, ఎందుకంటే అక్కడ ఎవరూ అరనిమిషానికి మించి ఒకే భంగిమలో ఉండరు, మీరూ అరనిమిషంలోనే వెన్నెముక వంపును, బరువు మోపిన కాలును పట్టుకోవలసి వస్తుంది. తలమీద గంప ఉన్న మనిషికీ, చేతిలో సూట్‌కేసు ఉన్న మనిషికీ నడకలో తేడా చూడండి. మేకలు, కుక్కలు, ఎద్దులు కూడా గీయండి. నాలుగు కాళ్ళ జంతువు నడకను సరిగా చూపగలిగిన ఫ్రెషర్లు అరుదు, పల్లెటూరి విద్యార్థికి పట్నం వాళ్ళకన్నా మేలైన అవకాశం ఇక్కడ ఉంది. జపాను కార్టూన్ పాత్రలను చూసి అచ్చుగుద్దినట్లు వేయడం సరదాకు మంచిదే, దాన్ని సాధనగా లెక్కవేసుకోవద్దు. డ్రాయింగులో టీసీసీ (టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు) లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినవారికి చేతి నిలకడ ఉంటుంది కాబట్టి అది ఉపయోగమే, అయితే ఆ సర్టిఫికెట్ చూసి స్టూడియోలు ఉద్యోగం ఇవ్వవు.

సాఫ్ట్‌వేర్ మూడో నెల తరువాతే తెరవండి. బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూంజ్ మూడూ ఉచితం, దొంగ కాపీలు వెతుక్కోనవసరం లేదు. ఉచితమైనది కాబట్టి నాసిరకమని ఎవరైనా అంటే, 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా దర్శకుడి సినిమా బ్లెండర్‌తోనే తయారైందని చెప్పండి. టూడీ ఇష్టమైతే క్రిటాతోనో ఓపెన్‌టూంజ్‌తోనో, త్రీడీ ఇష్టమైతే బ్లెండర్‌తోనో ఒక్కదానితోనే మొదలుపెట్టండి.

ఆరు నెలలు గడిచాక మీరు మీకు వేసుకోవలసిన ప్రశ్న బొమ్మలు బాగా వచ్చాయా అన్నది కాదు. అదే బంతిని పదిహేనోసారి గీయవలసి వచ్చినప్పుడు పనిని తిట్టుకున్నారా, లేక ఈసారి ఎక్కడ తప్పిందో చూద్దామని కూర్చున్నారా అన్నది ప్రశ్న. స్టూడియోలో ఒక షాటు ఎనిమిదిసార్లు తిరిగి రావడం మామూలే.

మూడో మెట్టు: చదువు దారి ఎంచుకోండి

ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలని చాలామంది అడుగుతారు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ ఏదైనా ఫరవాలేదు, కానీ ఇంటర్ మానేసి నేరుగా శిక్షణ కేంద్రంలో చేరడం మాత్రం వద్దు. ఆ తరువాత ప్రధానంగా నాలుగు దారులు ఉన్నాయి, నాలుగూ సమానం కావు.

జాతీయ స్థాయి డిజైన్ విద్యాసంస్థలు మొదటి దారి. అహ్మదాబాద్‌లో 1961లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ప్రత్యేక విభాగంగా ఉంది. ప్రవేశానికి డ్యాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అనే పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశల్లో జరుగుతుంది, వయోపరిమితి కూడా ఉంటుంది. మన రాష్ట్రంలో 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌కు కూడా ఇదే పరీక్ష, కానీ అక్కడి బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) శాఖలు ఇండస్ట్రియల్, టెక్స్‌టైల్, కమ్యూనికేషన్ డిజైన్లు; యానిమేషన్ పేరిట విడి శాఖ కావాలనుకునేవారు అహ్మదాబాద్‌నే లక్ష్యంగా పెట్టుకోవాలి. ఐఐటీల్లో బీడిజైన్‌కు యూసీడ్ పరీక్ష రాయాలి. దీన్ని ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది, సాధారణంగా జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే ముగుస్తాయి, ఇంటర్‌లో ఏ గ్రూపువారైనా రాయవచ్చు, వరుసగా రెండేళ్ళు మాత్రమే అవకాశం. ఇందులో కంప్యూటర్ మీద జవాబులు గుర్తించే భాగంతోపాటు చేత్తో బొమ్మ గీసే భాగం ఉంటుంది కాబట్టి బస్టాండులో చేసిన సాధన ఇక్కడ అక్కరకు వస్తుంది. పోటీ తీవ్రమైనదే; అయినా ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగులకు పోసే డబ్బుతో పోలిస్తే ఈ పరీక్షలకు అయ్యే ఖర్చు చాలా తక్కువ, మన జిల్లాల నుంచి రాసేవారే లేకపోవడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే తోస్తుంది. చాలామందికి ఈ పరీక్షల పేర్లు ఫిబ్రవరిలో, అంటే అవి జరిగిపోయాక తెలుస్తున్నాయి.

రెండోది బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీ, నాలుగేళ్ళ చదువు. కడపలో 2020లో ఏర్పాటైన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ, శిల్పం, అప్లైడ్ ఆర్ట్స్, ఫొటోగ్రఫీలతోపాటు యానిమేషన్‌లోనూ బీఎఫ్‌ఏ ఉంది. ప్రవేశం ఏడీసెట్ అనే పరీక్ష ద్వారా. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ యానిమేషన్ బీఎఫ్‌ఏ ఉంది, అయితే ఆంధ్రప్రదేశ్ విద్యార్థుల స్థానికతకు సంబంధించిన నిబంధనలను ఆ ఏటి ప్రకటనలో చదివాకే ఫీజు కట్టండి. సీమ విద్యార్థికి కడప దగ్గర, ఖర్చు తక్కువ. కానీ ఎక్కడ చేరినా తరగతి గది ఒక్కటే సరిపోదు, నాలుగేళ్ళూ మీ సాధన మీదే ఎక్కువ ఆధారపడాలి.

మూడో దారిని ఎవరూ ప్రచారం చేయరు, ఎందుకంటే దానివల్ల ఎవరికీ కమీషన్ రాదు. సొంత ఊరిలోనే, ఇంటి తిండి తింటూ, ప్రభుత్వ కళాశాలలో ఏదో ఒక డిగ్రీ చదవండి. ఆ మూడు నాలుగేళ్ళలో యానిమేషన్‌ను ఇంట్లో సాధన చేయండి. చివరి సంవత్సరంలో సీడ్ అనే పరీక్ష రాయండి. ఇంటర్ తరువాత కనీసం మూడేళ్ళ డిగ్రీ చదివినవారు, చదువుతున్నవారు దీన్ని రాయవచ్చు, వయసుకు గానీ ప్రయత్నాల సంఖ్యకు గానీ పరిమితి లేదు. ఇందులో మంచి స్కోరు తెచ్చుకుంటే ఐఐటీ బొంబాయిలోని ఐడీసీ అనే డిజైన్ విభాగంలో యానిమేషన్‌లో ఎండిజైన్ (పీజీ)కు దరఖాస్తు చేసుకోవచ్చు. సీటు రాకపోయినా చేతిలో డిగ్రీ, మూడేళ్ళ పని మిగులుతాయి. డబ్బుకు ఇబ్బంది ఉన్న ఇంట్లో పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈ దారే.

నాలుగోది ప్రైవేటు శిక్షణ కేంద్రం.

నాలుగో మెట్టు: శిక్షణ కేంద్రాన్ని ఇంటర్వ్యూ చేయండి

ప్రైవేటు కేంద్రాలన్నీ మోసమని నేను అనను. మంచి గురువు ఒక్కరు ఉన్న చిన్న గది నుంచి మంచి పనివాళ్ళు వచ్చారు. అంతా ఆ గురువు మీదే ఆధారపడి ఉంటుంది. పెద్ద బ్రాండు పేరు ఉన్న కేంద్రం కూడా మీ ఊరిలో ఎవరో ఒకరు ఫ్రాంచైజీ తీసుకుని నడుపుతున్నదే కావచ్చు, కాబట్టి బ్రాండు పేరు చూసి మీ ఊరి శాఖను అంచనా వేయలేం. కౌన్సెలర్‌తో మాట్లాడి వెనుదిరగకండి. తరగతి చెప్పే సార్ స్వయంగా చేసిన షోరీల్, అంటే తన పనిలోని మంచి షాట్లను కూర్చిన చిన్న వీడియో, చూపించమని మర్యాదగా అడగండి. లేదంటే, రేపు చూపిస్తామంటే, అక్కడే అర్థం చేసుకోండి. ఒక రోజు తరగతిలో కూర్చోనివ్వమనండి. నిరుడు పూర్తి చేసిన బ్యాచిలో ముగ్గురి పేర్లు అడిగి, లింక్డ్‌ఇన్‌లో వాళ్ళు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారో చూడండి. గోడమీద అతికించిన ఫొటోలు ఏ ఊరి శాఖవో ఎవరికి తెలుసు? ఒక్కో విద్యార్థికి ఒక కంప్యూటర్ ఉందా, తరగతి లేని వేళల్లో వచ్చి పనిచేసుకోవచ్చా, సార్ మధ్యలో మానేస్తే ఏం చేస్తారు అని అడగండి. ఈ చివరి ప్రశ్నకు చాలాచోట్ల జవాబు ఉండదు, చిన్న ఊళ్ళలో సార్లు మానేయడం మాత్రం తరచుగా జరుగుతుంది.

ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న మాటను రసీదు మీద రాసివ్వమనండి. రాసేటప్పుడు అది ప్లేస్‌మెంట్ సహాయంగా మారిపోతుంది. కోర్సుతోపాటు దూరప్రాంతపు విశ్వవిద్యాలయం డిగ్రీ కూడా ఇస్తామంటే మరింత జాగ్రత్త అవసరం: ఫ్రాంచైజీ కేంద్రాల ద్వారా డిగ్రీలు ఇవ్వడాన్ని యూజీసీ అనుమతించదు, దూరవిద్య అయితే ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైటులో చూసుకోవాలి. స్టూడియోలు డిగ్రీ అడగవు కదా అని కొందరు అంటారు, ఇండియాలో చాలావరకు అది నిజమే. కానీ విదేశాల్లో పనికి వీసా కావలసి వచ్చినప్పుడు, పై చదువుకు వెళ్ళాలనుకున్నప్పుడు, లేదా పదేళ్ళ తరువాత పాఠం చెప్పే కొలువు వైపు మళ్ళాలనుకున్నప్పుడు చెల్లని డిగ్రీ కాగితమే అవుతుంది.

ఐదో మెట్టు: డబ్బు, యంత్రం

ఫీజు మొత్తం ఒకేసారి కట్టవద్దు, తగ్గింపు ఇస్తామన్నా సరే. టర్ములుగా కట్టండి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ గుర్తింపు పొందిన కళాశాలల్లోని గుర్తింపు పొందిన కోర్సులకే గానీ ప్రైవేటు సర్టిఫికెట్ కోర్సులకు వర్తించదు. విద్యారుణం కావాలంటే విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా బ్యాంకులకు దరఖాస్తు చేయవచ్చు. బ్యాంకు ఒక సంస్థకు రుణం ఇవ్వడానికి వెనుకాడితే, ఆ సంస్థ గుర్తింపు సంగతి మీరూ మరోసారి చూసుకోవడం మంచిది. పొలం తాకట్టు పెట్టి ఈ చదువు చదవవద్దని మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే మొదటి రెండేళ్ళ జీతం ఆ వడ్డీకే చాలదు.

కంప్యూటర్ త్రీడీ మొదలుపెట్టినప్పుడే కొనండి. టూడీకి, బొమ్మలకు పాత ల్యాప్‌టాప్, మూడు నాలుగు వేల రూపాయల్లో దొరికే చిన్న పెన్ టాబ్లెట్ సరిపోతాయి. త్రీడీకి 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అదే డబ్బుకు ల్యాప్‌టాప్‌కన్నా అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఎక్కువ పనిచేస్తుంది, భాగాలు ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. దానితోపాటు యూపీఎస్ తప్పనిసరి. రాత్రంతా రెండర్ పెట్టి పడుకున్నప్పుడు మూడింటికి కరెంటు పోతే తెల్లవారి ఏం మిగులుతుందో ఒక్కసారి అనుభవిస్తే చాలు, ఈ వాక్యం ఎందుకు రాశానో తెలుస్తుంది.

ఆరో మెట్టు: రీల్ తయారు చేయండి

ఈ రంగంలో మార్కుల జాబితా అంటే షోరీలే. నిమిషం, లేదా నిమిషంన్నర నిడివి చాలు. చూసేవాడు మొదటి పది సెకన్లలోనే సగం నిర్ణయం తీసేసుకుంటాడు కాబట్టి మీ అన్నిటికన్నా మంచి షాటు ముందు రావాలి, రెండో మంచిది చివర రావాలి, బాగాలేనిది అసలు ఉండకూడదు. ఒక బలహీనమైన షాటు ఉందంటే, ఈ మనిషికి తన పనిలో మంచిచెడ్డలు తెలియవని అర్థం. మూడు చక్కని షాట్లతో ముప్పై సెకన్ల రీల్ పంపడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఏ పనికి దరఖాస్తు చేస్తున్నారో ఆ పనికి తగిన రీల్ విడిగా ఉండాలి. యానిమేటర్ ఉద్యోగానికి మెరిసే లైటింగ్ అక్కరలేదు, రంగులు లేని బూడిదరంగు పాత్ర చక్కగా నటిస్తే చాలు. మోడలర్ అయితే రూపాన్ని చుట్టూ తిప్పి చూపి, ఆ రూపాన్ని కట్టిన లోపలి గీతల జాలీని (వైర్‌ఫ్రేమ్) కూడా చూపాలి. కాంపోజిటర్ అయితే ముందు ఎలా ఉంది, తరువాత ఎలా అయింది అన్నది పొరపొరగా విప్పాలి. బృందంగా చేసిన షాటులో మీరు చేసిన భాగం ఏదో తెర మీద రాయండి. ఒకే శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన పదిమంది రీళ్ళలో ఒకే ఇల్లు, ఒకే రోబో కనిపిస్తే నియామకం చేసేవాళ్ళు పదిమందినీ పక్కన పెడతారు. అందరూ చేసే అంతరిక్ష నౌకలకు బదులు గండికోట లోయ అంచున ఎగిరే గద్దనో, బెళుగుప్ప చేలల్లో గుంటక లాగే ఎద్దుల జతనో చేయండి, మీరు కళ్ళారా చూసింది కాబట్టి అందులో తప్పులు తక్కువగా ఉంటాయి.

నేపథ్య సంగీతం గురించి అంత కష్టపడకండి, చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు. పేరు, ఫోను, చేసే పని ఏమిటో మొదట, చివర కనిపించాలి. యూట్యూబులో గానీ విమియోలో గానీ పెట్టి లింకు పంపండి.

ఏడో మెట్టు: ఊరు దాటడం

కర్నూలు హైదరాబాద్ వైపు, అనంతపురం బెంగళూరు వైపు చూస్తాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు ప్రయాణాలూ ఇంచుమించు రెండు వందల పై చిలుకు కిలోమీటర్లే. కడపవాళ్ళకు రెండూ దూరమే కాబట్టి పనిని బట్టి ఎంచుకోవాలి. టీవీ కార్టూన్లు, టూడీ మీద మనసున్నవారికి హైదరాబాద్ నయం. 2001లో మొదలైన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వంటి సంస్థలు అక్కడ ఉన్నాయి. తెలుగు సినిమాల విజువల్ ఎఫెక్ట్స్ కూడా అక్కడే ఎక్కువ. విదేశీ సినిమాల షాట్లు, గేములకు సంబంధించిన పనులు బెంగళూరులో ఎక్కువ.

విదేశీ పని మీద బతికే సంస్థలకు ఒక ప్రమాదం ఉంది. బెంగళూరులో వేలమందికి పని ఇచ్చిన టెక్నికలర్ సంస్థ 2025 ఫిబ్రవరిలో, ఫ్రాన్సులోని మాతృసంస్థ దివాలా తీయడంతో, రోజుల వ్యవధిలో మూతపడింది. అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచే మూడు నెలల ఇంటి అద్దె, తిండి ఖర్చుకు సరిపడా పక్కన పెట్టడం మొదలుపెట్టండి, రీల్‌ను ఆరు నెలలకొకసారి సరిదిద్దుకోండి. కృత్రిమ మేధ కూడా ముందుగా తాకుతున్నది రోటో, ప్రెప్ వంటి పనులనే. ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళినవారు ఏడాది తిరిగేలోగా కాంపోజిటింగ్ గానీ మరో పైమెట్టు గానీ నేర్చుకోవడానికి సాయంత్రాలు కేటాయించక తప్పదు.

దరఖాస్తు చేశాక చాలా స్టూడియోలు ఒక టెస్టు ఇస్తాయి, రెండు మూడు రోజుల గడువుతో ఒక షాటు. అది న్యాయమే. వారాల తరబడి పదేసి షాట్లు చేయించుకుంటే అది టెస్టు కాదు, కూలి ఇవ్వని పని. ఉద్యోగం ఇవ్వడానికి డిపాజిట్ అడిగే చోట, ట్రైనింగ్ ఫీజు అడిగే చోట అడుగు పెట్టకండి. బాండు మీద సంతకం చేసే ముందు ఎన్ని నెలలు, మానేస్తే ఎంత కట్టాలి అన్నవి చదవండి, అసలు సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వవద్దు, చూపించి జిరాక్సులు ఇవ్వండి. డెడ్‌లైన్ దగ్గరపడినప్పుడు అర్ధరాత్రి దాటేదాకా పని ఉంటుంది. అమ్మాయిలు చేరేముందు రాత్రి ఇంటికి చేర్చే క్యాబ్ ఉందో లేదో అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

తెలుగు మీడియంలో చదివినవారు ఇంగ్లీషు గురించి భయపడుతుంటారు. అనర్గళంగా మాట్లాడనక్కరలేదు; షాటు కింద సూపర్వైజర్ రాసిన రెండు పంక్తుల దిద్దుబాటును పొరబడకుండా చదివి, అర్థం కాకపోతే వెంటనే అడగగలిగితే సరిపోతుంది. అర్థమైనట్లు తలూపి రెండు రోజులు తప్పుదారిలో పనిచేసినవారినే స్టూడియో క్షమించదు.

ఇక చేరిన మొదటి రోజు మీ చేత సంతకం చేయించుకునే కాగితాల్లో గోప్యతా ఒప్పందం ఒకటి ఉంటుంది. దాని ప్రకారం విడుదల కాని సినిమా ఫ్రేమును ఫోనులో ఫొటో తీసి ఇంట్లో అమ్మకు పంపినా తప్పే, ఉద్యోగం పోతుంది. సినిమా విడుదలయ్యాక మీరు చేసిన షాట్లలో ఏవేవి రీల్‌లో పెట్టుకోవచ్చో మెయిల్‌లో అడిగి, అనుమతి వచ్చిన షాట్లనే పెట్టుకోండి, ఆ మెయిల్‌ను దాచుకోండి.